చూడ్డానికీ తినడానికీ

దసరా సెలవులకి హైదరాబాద్ వెళ్దామనుకున్నాం. అనుకోవడం వేరు, కాయితం మీద పెట్టడం వేరు. ఒక రాత్రి అన్నాలయ్యేక మా పాప పాత రూళ్ళ పుస్తకం తీసి చివరి పేజీలో మూడు గళ్ళు గీసేను. మొదటి గడి పైన 'చూడవలసినవి', రెండో గడి పైన 'తినవలసినవి', మూడో గడి పైన 'ఖర్చు' అని రాసేను. మా ఆవిడ చెప్తూంటే నేను రాస్తున్నాను. చార్మినారు. గోల్కొండ. సాలార్జంగ్ మ్యూజియం. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు. ఆ ఒడ్డునే 2023 ఏప్రిల్ 14న నిలబెట్టిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. పాప మధ్యలో దూరి, గంటగంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం చూడాలంది. రెండో గడిలో దమ్ బిర్యానీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, డబల్ కా మీఠా. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి సాయంత్రం అనకాపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్.

గుమ్మం దగ్గర చింతపండు పిక్కలు తీస్తూ మా అమ్మ అంతా వింటంది.

"ఏట్రా అది?" అంది.

"అయిద్రాబాదు ఎల్దామనమ్మా. నువ్వూ వొస్తన్నావు."

"అక్కడెవులికి బాగోనేదు?"

"ఎవరికీ కాదమ్మా. ఊరికే. చూడ్డానికీ, తినడానికీను."

అమ్మ పిక్క తియ్యడం ఆపింది. "సూడ్డానికీ తినడానికీ అంత దూరవా?" అంది.

మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వేను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ వెటకారంగా అన్లేదు. నిజంగానే తెలీక అడిగింది. డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి. ఆవిడ చేసిన ప్రయాణాలు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. చెరుకు నరుకుడికి పక్క మండలాలకి వెళ్ళింది. నాన్నకి ఆయాసం ముదిరినప్పుడు విశాఖపట్నం కె.జి.హెచ్.కి వెళ్ళింది. చావులకి వెళ్ళింది. కొత్తమాసకి నూకాలమ్మ జాతరకి వెళ్ళింది. నాన్నేమో ఇంకా దూరం, హైదరాబాదే వెళ్ళేడు. మాదాపూర్ వైపు మేడలు కడుతున్న రోజుల్లో, 1999 నుంచి 2001 దాకా సిమెంటు బస్తాలు మోసేడు. ఆకలి పంపిస్తే వెళ్ళేం, జబ్బు పంపిస్తే వెళ్ళేం, చావు పిలిస్తే వెళ్ళేం. కళ్ళు అడిగేయని వెళ్ళినవాడు మా ఇంటి పేరులో ఒక్కడు లేడు.

'ఊరికే' అన్న మాట మా పేటలో ఒక తిట్టు. 'ఊరికే కూకున్నావేట్రా?' అంటే పని లేదా, సిగ్గు లేదా అని. అదే మాట మా స్కూల్లో స్టాఫ్ రూములో వింటే వేరేగా ఉంటుంది. "సెలవులకి ఊరికే అలా ఊటీ వెళ్ళొచ్చాం మేస్టారూ" అంటారు తోటి మాస్టార్లు. ఎందుకెళ్ళేరని వాళ్ళనెవరూ అడగరు. వాళ్ళూ వాళ్ళని అడుక్కోరు. నా జీతమూ వాళ్ళ జీతమూ ఒకటే స్కేలు. కానీ నా 'ఊరికే'కి నేను సంజాయిషీ రాసుకోవాలి. ఎవరికి రాయాలి? ఇదే నా ప్రశ్న. తినీ తినక నన్ను చదివించిన ఇంటికి, మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడు, తన ఆనందానికి లెక్క చెప్పాలా?

నాకు విహారయాత్రతో పాత బాకీ ఒకటుంది. ఎనిమిదో తరగతిలో మా స్కూలు పిల్లల్ని విశాఖపట్నం తీసికెళ్ళేరు. 2002లోనే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని మ్యూజియంగా తెరిచేరు. ఊరంతా దాని గురించే చెప్పుకునేవారు. మనిషికి అరవై రూపాయలు. నాన్న హైదరాబాద్ నుంచి తిరిగొచ్చి మంచంలో ఉన్నాడు. అమ్మ కొంగు ముడి విప్పి చూసి, మళ్ళీ ముడేసుకుని, "సముద్రం ఎక్కడికెల్లిపోద్దిరా, ఉంటాది" అంది. వెళ్ళినవాళ్ళు ముప్పై ఆరు మంది, ఉండిపోయినవాళ్ళం తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందీ ఏ పేటవాళ్ళో చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చేక తెలుగు మాస్టారు అందరికీ ఒకే వ్యాసం ఇచ్చేరు: 'మేము చేసిన విహారయాత్ర'. వెళ్ళనివాళ్ళు ఏం రాయాలని నేను అడగలేదు. రాసేను. సబ్‌మెరైన్ సముద్రం అడుగున ఉందని, దాని కిటికీల్లోంచి చేపలు కనిపించేయని, మేమందరం చప్పట్లు కొట్టేమని రాసేను. మాస్టారు దాన్ని క్లాసులో చదివించేరు. సబ్‌మెరైన్ ఇసక మీద ఉంటుంది. దానికి కిటికీలుండవు. ముప్పై ఆరు మంది ఒక్కసారి నవ్వేరు. అబద్ధం ఆడినందుకు కాదు నాకు ఏడుపొచ్చింది. చూడకపోవడం కూడా నా తప్పే అయింది కదా అని.

ఇప్పుడు నేను మాస్టార్ని. ఆ వ్యాసం నేను ఎప్పుడూ ఇవ్వను.

పోయిన వేసవిలో ఆ బాకీ తీర్చుకుందామని అమ్మని, మా ఆవిణ్ణి, పాపని విశాఖపట్నం తీసికెళ్ళేను. ముప్పై అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. దానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. కురుసురలోకి ఎక్కేం. తొంభై ఒక్క మీటర్ల పొడవు, మనిషి వొంగి నడవాల్సిన దారి. అమ్మ ఇనప గోడలు తడుముకుంటూ, "ఇందలో వొంటిల్లెక్కడ నాయనా?" అని అడిగింది. చూపించేను. మా పేటలో పొయ్యి పెట్టుకునే చోటంత ఉంది. "పాపం, ఉక్కపోతలో ఎవుడొండేవోడో," అంది. యుద్ధాలూ టార్పెడోలూ ఆవిడకి పట్టలేదు. వండినవాణ్ణి తలుచుకుంది.

మధ్యాన్నం ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళేం. ఏ.సి. ఉంది, తలుపు తియ్యడానికి ఒక మనిషి ఉన్నాడు. ఎవరూ మమ్మల్ని ఏం అడగలేదు. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టేరు. అమ్మకి మొదట్లో భయం వేసినా, రొయ్యల వేపుడు ఇష్టంగా తింది. నా కడుపు నిండిపోయింది. అన్నం అయ్యేక అమ్మ లేచింది. చేతులు కడుక్కోడానికనుకున్నాను. తన ప్లేటు, గ్లాసు, పాప వదిలేసిన గిన్నె ఒకదాని మీద ఒకటి పెట్టి, పట్టుకుని, కుళాయి ఎక్కడుందా అని చూస్తంది. సర్వర్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, వొదిలేయండి, మేం తీస్తాం" అన్నాడు. అమ్మ వొదల్లేదు. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూసేరు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, కూకో. అందరూ చూస్తన్నారు," అన్నాను. పళ్ళ బిగువున అన్నాను.

అమ్మ ప్లేటు కింద పెట్టేసింది. తర్వాత తెచ్చిన ఐస్‌క్రీం ముట్టలేదు.

నాకెందుకు సిగ్గేసిందో నాకు తెలుసు. ఆ చేతుల్లో నాకు మా ఊరి టీ కొట్టు కనిపించింది. అనకాపల్లికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో మా ఊరు. చెరుకు ఊరు. నా చిన్నప్పుడు ఆ టీ కొట్టు చూరులో రెండు గ్లాసులు గుచ్చి ఉండేవి. అవి మా పేటవి. మనమే తీసుకోవాలి, కింద కూకుని తాగాలి, మనమే కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. డబ్బులు గట్టు మీద పెట్టాలి, చేతికియ్యకూడదు. ఆ కొట్టులో టీ బెల్లంతో కాసేవారు. ఆ బెల్లం ఎవరిది? చెరుకు నరికింది మా అమ్మ. గానుగ దగ్గర పిప్పి ఎండబోసి పెనం కింద మంట వేసింది మా మేనమామ. దిమ్మలు ఎత్తింది మా వాళ్ళు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఆ దిమ్మలు దిగి, దేశమంతా వెళ్ళి, గుళ్ళలో ప్రసాదాలైపోయేవి. మా చెమట పడ్డ బెల్లం మైల పడలేదు. మా పెదవి తగిలిన గ్లాసు మైల పడింది. అంటే అంటరానితనం శుభ్రానికి సంబంధించిందీ కాదు, తిండికి సంబంధించిందీ కాదు. మా పని అంటొచ్చు, మా పక్కన కూర్చోవడమే అంటుకుంటుంది. కలిసి పని చేయించుకోవడం దగ్గర ఆగిపోయి, కలిసి తినడం దగ్గర తలుపేసుకునే దాని పేరే కులం.

అందుకని అమ్మ ప్లేటు పట్టుకుని లేచేసరికి, చూరులో గ్లాసు ఇంకా ఆవిడ చేతుల్లోంచి పోలేదనుకున్నాను. బానిస అలవాటు అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, పేరు పెట్టడం తొందరగా వొచ్చేస్తుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చేక అమ్మ మంచం దగ్గర కూకుని, "తప్పయిపోయిందమ్మా, అలగ అనకూడదు. కానీ ఇప్పుడు మన గ్లాసు మనం కడగక్కర్లేదు. ఆ రోజులు పోయాయి," అన్నాను.

అమ్మ నా వేపు తిరిగి పడుకుంది. "నాను గ్లాసు గురించి సెయ్యనేదురా. నా ఎంగిలి ఇంకోడెత్తడం నాకు నచ్చదు. పెద్దోల పెళ్ళిళ్ళలో ఆళ్ళ ఇస్తరాకులు ఎత్తినాను గదా. ఎలగుంటాదో నాకు తెల్సు. ఆ గుంటడిది ఏ ఊరో అడిగినావా?"

అడగలేదు. మా అమ్మలో నాకు కనిపించింది పేట. ఆవిడకి ఆ కుర్రాడిలో కనిపించింది కొడుకు. సిగ్గుపడాల్సినవాడు ఎవరో ఆ రాత్రి తేలిపోయింది.

ఇక్కడ నాకు రెండు మాటలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. మొదటి మాట: ఆ కుర్చీలో మేం కూర్చోవడం చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఊళ్ళో దొరకనిది ఇప్పుడు నగరంలో దొరుకుతోంది. రెండో మాట: అది దొరికింది మేం మనుషులమని ఒప్పుకున్నందుకా, మేం ఎవరమో తెలీనందుకా? అనకాపల్లి టౌనులో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు నాకు దీని జవాబు తెలిసింది. ఇల్లు చూపిస్తారు, 'గవర్నమెంటు మాస్టారా, చాలా సంతోషం' అంటారు, కుళాయి తిప్పి చూపిస్తారు. చివర్లో చాలా మెల్లిగా, "ఇంతకీ మీరేవిట్లు?" అంటారు. చెప్తే, వాళ్ళ అన్నయ్యగారు ఆ వారమే బదిలీ మీద వొచ్చేస్తారు. నాలుగు ఇళ్ళలో నలుగురు అన్నయ్యలు బదిలీ అయ్యేరు. గంట సేపు కుర్చీ అమ్ముతారు, పదకొండు నెలలు వంటిల్లు అద్దెకివ్వరు. హోటల్లో సమానత్వం బిల్లుతో మొదలై బిల్లుతో అయిపోతుంది.

ఈ మాటే నాకంటే ముందు, నాకంటే చాలా పెద్దాయనకి ఎదురైంది. అంబేద్కర్ తన అనుభవాలు కొన్ని 1930లలో రాసుకున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని 1990లో చిన్న పుస్తకంగా అచ్చయింది. అందులో ఒక విహారయాత్ర ఉంది. 1934లో ఉద్యమంలో తోటివాళ్ళు అలా చూసొద్దామంటే ఆయన సరేనన్నారు. ముప్పై మంది దాకా, అద్దె బస్సులూ కార్లూ. చూడవలసినవాటిలో వేరూల్ బౌద్ధ గుహలున్నాయి, దారిలో దౌలతాబాద్ కోట ఉంది. అప్పుడది హైదరాబాద్ సంస్థానమే. ఆయన కూడా మనలాగే జాబితా వేసుకున్నారన్నమాట. కానీ ఆ జాబితాకి ఒక షరతుంది. ఎవరికీ చెప్పకుండా, ఎవరమో తెలీకుండా వెళ్ళాలి. తెలిస్తే దారిలో ఇబ్బంది. దౌలతాబాద్‌లో మాత్రం మన పేటవాళ్ళు టీ పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. పొద్దు కూకితే కోట కనపడదు, వొచ్చేటప్పుడు తాగుతాం అని వెళ్ళిపోయేరు. కోట బయట నిండా నీళ్ళున్న చెరువు. ఒళ్ళంతా దుమ్ము. కొందరు మొహం కాళ్ళు కడుక్కున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన కేకలేస్తూ వొచ్చేడు, చెరువు మైల పడిపోయిందని. ఆయన హిందువు కాదు, ముస్లిం. మనిషి మతం మారినా వాడి కంటిలో కులం మారలేదు. గొడవ గొడవైంది. చివరికి లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోమంటేనే కోటలోకి పోనిచ్చేరు, వెంట ఒక తుపాకీ సిపాయిని వేసి. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వొచ్చిన మనిషి, ఆ కోటని సిపాయి కాపలాలో చూసేరు.

ఆ పుస్తకం చదివినప్పుడల్లా నేను ఆ టీ దగ్గర ఆగిపోతాను. ఆ ఊరంతటిలో ఎవరమో తెలిసి కూడా, తెలుసు కాబట్టే, టీ పెట్టుకుని ఎదురు చూసింది వాళ్ళొక్కరే. ఇంకోటి కూడా తోస్తుంది. అంత పని మీదున్న మనిషి, 'ఉద్యమం ఉండగా విహారమేంటి' అనలేదు. మాకు గుహలు చూసే హక్కు ఉందనే వెళ్ళేరు. నీళ్ళ హక్కు కోసం 1927లో మహాడ్ చెరువుకి నడిచిన కాళ్ళే 1934లో కోట చూడ్డానికి నడిచేయి. మనిషికి దాహం తీరితే చాలదు, కళ్ళకీ ఆకలుంటుందని ఆయన ఒప్పుకున్నట్టే కదా.

మాకు బౌద్ధ గుహల కోసం వేరూల్ దాకా వెళ్ళక్కర్లేదు. అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండని తొలిచిన గుహలు, పైన ఇటికల స్తూపం, పక్క కొండ మీద రాతిలోనే చెక్కిన స్తూపాలు. ఆ స్తూపాల్ని లింగాలనుకుని దానికి లింగాలకొండ అని పేరెట్టేరు. కనుమ నాడు అక్కడ తీర్థం. చిన్నప్పుడు అమ్మ నన్ను చంకనెత్తుకుని తీసికెళ్ళేది. అక్కడ బొజ్జలాంటి రాయి ఒకటి రాక్షసుడిదని చెప్పి జనం రాళ్ళు విసిరేవారు. నేనూ విసిరేను. మాకు దగ్గరవాడైన బుద్ధుడి ఇంటి మీద మా చేత్తోనే రాళ్ళు వేయించేరు. తీసికెళ్ళినవాళ్ళున్నారు గానీ చూపించినవాళ్ళు లేరు. చూడ్డం అంటే కళ్ళుంటే చాలదని, ఏది ఎవరిదో తెలియాలని డిగ్రీకొచ్చేక తెలిసింది నాకు. ఇప్పుడు నా క్లాసు పిల్లల్ని ఏటా అక్కడికి నడిపించుకుని తీసికెళ్తాను. డబ్బులక్కర్లేదు కాబట్టి ఎవరూ ఉండిపోరు.

హైదరాబాద్ సంగతికి వొస్తాను. లెక్క వేస్తే ఇరవై ఆరు వేలు తేలింది. మర్నాడే మా అక్క ఫోన్ చేసింది, మేనకోడలి నర్సింగ్ కాలేజీకి దసరా లోపు పద్దెనిమిది వేలు కట్టాలని. అదే వారం మా పేట సంఘంలో పెద్దాయన, నేను చిన్నాన్నా అని పిలుస్తాను, దారిలో ఆగి, "అయిద్రాబాదంట గదా మేస్టారూ? బిర్యానీ తినడానికా? మన పేటలో టెన్త్ తప్పిన గుంటలు పదకొండు మంది ఉన్నారు, ఆళ్ళకి ట్యూషన్ పెట్టించొచ్చు ఆ డబ్బుతో," అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఊటీ వెళ్ళే మాస్టార్ని ఇలా ఎవరైనా ఆపి అడుగుతారా? వాళ్ళ జీతం వాళ్ళది, నా జీతం పేటది. పేదరికం నుంచి బయటపడ్డవాడికి సుఖం ఒక దొంగతనమా?

కోపం తగ్గేక ఆలోచించేను. చిన్నాన్న అడిగింది తప్పు కాదు. వాళ్ళని అడిగేవాళ్ళు లేకపోవడం వాళ్ళ గొప్పతనం కాదు, వాళ్ళ వెనక ఉండిపోయినవాళ్ళు ఎవరూ లేరు. నా వెనక ఉన్నారు. కానీ చిన్నాన్న మాటలో ఒక ప్రమాదం కూడా ఉంది. చదువు, ఫీజు, మందులు మాత్రమే మనకి న్యాయం, మిగతాదంతా దుబారా అనుకుంటే, మనల్ని పనిముట్లుగా చూసినవాళ్ళ లెక్కనే మనమూ ఒప్పుకున్నట్టు. బతకడానికి కావలసింది ఇస్తే చాలు వీళ్ళకి అనేది ఆ పాత లెక్క. ఆ లెక్కలో 'ఊరికే' అన్న గడి లేదు. ఆ గడి మన పుస్తకంలోనూ గియ్యాలి. అయితే దాన్ని ఒక్కడి కోసం గియ్యకూడదు. నా బాల్యంలో తొమ్మిది మంది ఉండిపోయేరు. నేను టికెట్ కొనుక్కుని ముప్పై ఆరు మందిలో చేరిపోతే, ఆ తొమ్మిది ఎనిమిది అవుతుంది, అంతే.

ఇది విని మా ఆవిడ, "ఉపన్యాసం బాగుంది, మరి డబ్బులో?" అంది.

తేల్చింది ఇలాగ. ముందు ఫీజు కట్టేసేం. దసరా ప్రయాణాన్ని సంక్రాంతికి జరిపేం. నాలుగు రోజులు మూడయ్యేయి. ఏ.సి. బోగీ పోయి స్లీపరైంది. మేనకోడలికి ఒక టికెట్ కలిపేం, అదీ ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. పదకొండు మంది పిల్లలకి సాయంత్రాలు నేనే చెప్తున్నాను, దానికి డబ్బులక్కర్లేదు, ఓపికుంటే చాలు. న్యాయం జరిగిందని చెప్పను. అన్నీ కొంచెం కొంచెం తగ్గేయి, ఏదీ మానుకోలేదు.

మొన్న రాత్రి జాబితా మళ్ళీ తీసేం. అమ్మ వొచ్చి పక్కన కూకుంది. "నాకోటి రాయి," అంది.

"ఏటమ్మా? బుద్ధుడా? అంబేద్కర్ బాబు బొమ్మా? రెండూ రాసేను."

"అయ్యీ సూస్తాను గానీ. మీ నాన మోసిన మేడ."

మా ఆవిడా నేనూ మొహాలు చూసుకున్నాం. నాన్న 2011లో పోయేడు. హైదరాబాద్‌లో రెండేళ్ళున్నాడు, చార్మినార్ చూడలేదు. ఆదివారం కూడా పనేనట. ఆ మేడకి అద్దాలు పెట్టే ముందు వీళ్ళని పంపించేసేరని, అది ఎలాగ తయారైందో తనకి తెలీదని చెప్పేవాడు. దాని పేరు చెప్పలేదు. ఆయనకీ తెలీదేమో. మేం చదువుకునేటప్పుడు మాకు రాజధాని అది, 2014 నుంచి పక్క రాష్ట్రం. ఈ ఇరవై అయిదేళ్ళలో అటువైపు అలాంటి మేడలు ఎన్ని లేచేయో.

"ఏదో తెలీదు కదమ్మా," అన్నాను.

"అటేపు ఓసారి తిప్పు. ఏదో ఒకటి అదే అయ్యుంటాది," అంది.

మొదటి గడిలో రాసేను: నాన్న మోసిన మేడ. రెండో గడి ఖాళీగా వొదిలేసేను. మూడో గడిలో ఏం రాయాలో కాసేపు తోచలేదు. ఆటో, మూడొందలు, అని రాసేను.